డాక్టరుగారి మిరప కుండీ

ఇరాపువాతో అనే ఊరి అవతల పరిశోధన కేంద్రంలో గ్రీన్‌హౌస్ మొక్కలకు కాపలా రెఫూహియో. ఇరవై రెండేళ్లుగా అదే పని. బయటి మొక్క లోపలికి తేరాదని అక్కడి పెద్ద శాస్త్రవేత్త డాక్టర్ అరిస్మెందీ స్వయంగా తలుపుకు కాగితం అంటించారు. పోయిన నెల ఆ కాగితం పక్కనుంచే ఆయనే ఓ మిరప కుండీ చంకన పెట్టుకుని లోపలికొచ్చారు. అత్తగారిచ్చిందట. రోజూ రెండు కాయలు తెంపుకుని మొక్కజొన్న రొట్టె టోర్టియాలో నంజుకుంటారు. రెఫూహియో చూశాడు. ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

ఆ కేంద్రంలో అంపారో అనే పిల్ల డాక్టరేటు కోసం అయిదేళ్లుగా మిరప వైరస్ మీద పనిచేస్తోంది. మొక్కలో చేరిన వైరస్ ఒక ప్రోటీన్ తయారు చేయిస్తుందట. అది డీఎన్ఏ పోగు మీద తనకు కావలసిన చోటు పట్టుకుని, నిద్రపోతున్న వైరస్ జన్యువును లేపుతుందట. ఆ లేపడం కంటికి కనబడేలా, జన్యువు లేస్తే రంగునీళ్లలో ఆకు నీలమయ్యే ఏర్పాటుతో పొగాకు మొక్కలు పెంచింది. సగానికి ప్రోటీన్ ఇచ్చింది, సగానికి ఇవ్వలేదు. ఇవ్వనివి నీలం కాకూడదు. శుక్రవారం పెద్దల కమిటీ ఒప్పుకోకపోతే ఆమె చదువు అంతటితో సరి.

మంగళవారం చూస్తే అన్నీ నీలమే.

"గొట్టాలు కలగాపులగం చేశావు! ఉప్పుకీ పంచదారకీ తేడా తెలియనిదానివి, నీకెందుకమ్మా డాక్టరేటు?" అన్నారు అరిస్మెందీ.

"మూడుసార్లు చూసుకున్నాను సార్."

"నాలుగోసారి చూడాల్సింది," అని ఆయన కాయలు కోసుకోడానికి వెళ్లిపోయారు.

అంపారో తొట్టి దగ్గర కూలబడింది. రెఫూహియో వచ్చి నిలబడ్డాడు.

"ఏడుపు తర్వాత ఏడుద్దువుగానీ, ఇలా రా అమ్మాయీ."

మిరప కుండీ దగ్గరకు తీసుకెళ్లి కొమ్మ తట్టాడు. తెల్లదోమలు పిండి రేగినట్టు లేచాయి. ఆకుల ఈనెలు పసుపు పచ్చగా ఉన్నాయి.

"కుండీకి దగ్గరున్న వరుస ముదురు నీలం, దూరం వరుస లేత నీలం. చూసుకోలేదా?"

అంపారో కళ్లు తుడుచుకుంది. "అంటే దోమలు అసలు వైరస్‌నే తెచ్చాయా మామా? దాని ప్రోటీనే జన్యువును లేపిందా?"

"అది నువ్వు చెప్పాలి. నీ ప్రోటీన్ ఇవ్వనివాటిలో ఆరు బక్కవని నేను మొదట్లోనే దోమతెర కింద పెట్టాను. వాటిని నువ్వు ముట్టుకోలేదు."

ఆ సాయంత్రమే వాటి ఆకులు రంగునీళ్లలో వేసింది. తెల్లారేసరికి ఒక్కటీ నీలం కాలేదు. పరీక్ష పెడితే వాటిలో వైరస్ లేదు. నీలమైనవాటిలో ఉంది.

శుక్రవారం కమిటీ ముందు అంపారో అంతా చెప్పింది, కుండీ ఎవరిదో తప్ప. రెఫూహియో ఆ కుండీనే సంచిలో మూటగట్టి తెచ్చి బల్ల మధ్య పెట్టాడు.

"ఇదెవరిది?" అడిగింది కమిటీ పెద్దావిడ.

అరిస్మెందీ ముఖం పండుమిరప రంగుకు తిరిగింది. గొంతు సవరించుకున్నారు.

"నేనే పెట్టించాను. పొలంలో వైరస్ ఎలా వస్తుందో, ఇక్కడా అలాగే రావాలని. ముందే ఆలోచించాను."

"దూరదృష్టి!" అంది పెద్దావిడ, అంపారో కాగితాల మీద సంతకం చేస్తూ. అందరూ చేశారు. అంపారో నవ్వు బయటపడకుండా పెదవులు బిగించి తల వంచుకుంది.

తలుపు దగ్గర రెఫూహియో టోపీ తీసి వినయంగా నిలబడ్డాడు.

"డాక్టరుగారూ, వచ్చే ఏటి ప్రయోగానికి అత్తగారిని ఇంకో కుండీ అడుగుతారా?"

ఆ మధ్యాహ్నం డాక్టరుగారు ఉత్త టోర్టియా తిన్నారు.