ఇరవై ఆరు రోజులు

"ఆ ఇరవై ఆరుని ముప్పై నాలుగు చెయ్యి," అన్నాడు డెస్మండ్, చొక్కా కాలరు దగ్గర మడత ఇంకా పోలేదని వేలితో చూపిస్తూ.

గ్లెనిస్ ఇస్త్రీపెట్టె మళ్ళీ కాలరు మీద ఆనించింది. ఉదయం ఏడింకా కాలేదు. ఆగస్టు నెల గురువారం, బడి చదువు ఆఖరి పరీక్షల ఫలితాలొచ్చే రోజు. హార్ల్‌బెక్ యూనివర్సిటీలో వీసీ తప్ప మిగతా అందరూ ఫోన్ల ముందు కూర్చునే రోజు. వీసీ ఏటా ఈ రోజుల్లో ఫ్రాన్సులో ఉంటాడు. అనుకున్నచోట సీటు రాని పిల్లలు ఫోన్ చేస్తారు, వీళ్ళు రమ్మంటారు. ఒకప్పుడు బతిమాలుకునేది పిల్లలు. ఇప్పుడు బతిమాలుకునేది వీళ్ళు.

"ముప్పై నాలుగు ఎలా అవుతుంది?" అందామె.

"కొత్తగా చేరేవాళ్ళు రెండువేల ఆరువందలని వెయ్యి. అదే అవుతుంది."

"రెండువేల వంద దాటరు డెస్. నీకూ తెలుసు."

"నీకిదే జబ్బు. ఎప్పుడు చూడు, చావింట్లో కూర్చున్నట్టు మాట్లాడతావు. దీన్ని ఆశయం అంటారు గ్లెన్. అన్ని యూనివర్సిటీలూ రాస్తున్నాయి, మనకేం పోయేకాలం? సాయంత్రం అయిదులోగా నియంత్రణ ఆఫీసుకి పంపెయ్యి. ఆఁ, ఇవాళ ఫోన్ల హాలుకి నిమ్మకాయ కేకు చేశావుగా?"

చేసింది. పొద్దున్న అయిదింటికే లేచి చేసింది.

అన్ని యూనివర్సిటీలూ రాస్తున్నాయన్నది మాత్రం నిజమే. దేశంలో ఉన్న పద్దెనిమిదేళ్ళ పిల్లలందరినీ పట్టుకొచ్చి రెండేసిసార్లు చేర్చుకున్నా వీళ్ళందరూ రాసిన అంకెలు నిండవు. ఎవరి కాగితం మీద వాళ్ళు మసిపూసి మారేడుకాయ చేస్తారు. ఇరవై ఆరంటే రోజులు. వచ్చే మార్చిలో ఒకనాటికి, జీతాలకీ కరెంటుకీ యూనివర్సిటీ చేతిలో ఉండే డబ్బు అన్ని రోజులకే సరిపోతుంది. అది ముప్పై కంటే తగ్గేలా కనిపిస్తే చాలు, ప్రభుత్వం పెట్టిన నియంత్రణ ఆఫీసుకు వెంటనే చెప్పాలి. చెప్తే వాళ్ళొచ్చి నెత్తినెక్కి కూర్చుంటారు, కొత్తవాళ్ళని చేర్చుకోవద్దంటారు, ఉన్నవాళ్ళ చదువు పూర్తయ్యే దారేదో ముందు రాసిమ్మంటారు. చెప్పకపోతే ఇంకొక్క ఏడాది హాయిగా గడుస్తుంది, పెద్దవాళ్ళకి.

ఈ అంకెలన్నీ గ్లెనిస్‌వే. డెస్మండ్ ఉప వీసీ. ఆమె ప్రణాళిక విభాగంలో ఆరో మెట్టు ఉద్యోగి, పదిహేడేళ్ళుగా అదే మెట్టు. కాలేజీలో లెక్కలు ఇద్దరూ ఒకే తరగతిలో చదివారు, ఆమెకే ఎక్కువ మార్కులు. కవలలు పుట్టినప్పుడు ఎవరో ఒకరు సగంపూట ఉద్యోగానికి మారాల్సి వచ్చింది. ఆ ఎవరో ఒకరు ఎవరన్నది ఇంట్లో ఒక్కరోజు కూడా చర్చకు రాలేదు. అతని పరిశోధన పట్టికలు పాలసీసాలు మరిగించుకుంటూ ఆమె వేసింది. అది పుస్తకంగా వచ్చినప్పుడు కృతజ్ఞతల పేజీలో "నా భార్య ఓర్పుకు" అని రాశాడు. పట్టికలకు కాదు, ఓర్పుకు. అత్తగారు ఈనిడ్ ఆ పుస్తకాన్ని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తూ, "మావాడి చేతికి అంకెలు భలే లొంగుతాయి. పాపం గ్లెనిస్ టైపు చేసి పెడుతుంది, మంచిపిల్ల," అనేది. మంచిపిల్ల అప్పుడు వంటింట్లో ఆలుగడ్డలు చెక్కుతూ విని, నవ్వి, ఊరుకుంది. ఎందుకు ఊరుకున్నానా అని ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. పాలకమండలి సమావేశాల్లో ఆమెకు బల్ల దగ్గర కుర్చీ ఉండదు, గోడవారగా ఉంటుంది. అధ్యక్షుడు ఏదైనా అడిగితే డెస్మండ్ వెనక్కి చెయ్యి చాపుతాడు, ఆమె చీటీ అందిస్తుంది, అతను ముందుకు తిరిగి "నా అంచనా ప్రకారం" అంటాడు. నియంత్రణ ఆఫీసుతో ఉత్తరాలు నడపడానికి ఒక పేరు ఇవ్వాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆమె పేరే ఇచ్చాడు. "గుమాస్తా పని. రోజుకి పది మెయిళ్ళు పెట్టి చంపుతారు వాళ్ళు. నువ్వు చూసుకో," అన్నాడు. ఆగస్టులో పంపే కాగితాల మీద వీసీ సంతకం కూడా, ఆయన సెలవుకు వెళ్ళేముందు జూలైలోనే ఖాళీ పేజీ మీద పెట్టించి ఆమె చేతిలో పెట్టాడు. ఏటా అంతే. ఇందులో తప్పేమిటో ఎవరికీ తోచదు.

ఫోన్ల హాలంటే నిజానికి ఆటల హాలు. బాస్కెట్‌బాల్ గీతల మీద అరవై బల్లలు వేశారు. మగ ప్రొఫెసర్లు మొదటి గంట సరదాగా కూర్చుని, ఫొటోలు దిగి, కేకు తిని, మీటింగులున్నాయని ఒక్కొక్కరే చల్లగా జారుకున్నారు. పది దాటేసరికి మిగిలింది ఆఫీసు ఆడవాళ్ళు, లైబ్రరీ ఆడవాళ్ళు. మధ్యలో ఒక ఇత్తడి గంట ఉంది. ఒక సీటు నిండినప్పుడల్లా నింపినవాళ్ళు లేచి వెళ్ళి గంట కొట్టాలి, అందరూ చప్పట్లు చరచాలి. గ్లెనిస్ అప్పటికి నాలుగుసార్లు కొట్టింది. నాలుగూ నర్సింగువే.

పదకొండింటికి అయిదో నర్సింగు ఫోన్ వచ్చింది.

"నర్సింగులో సీటుందా అమ్మా? నాకు ముప్పై తొమ్మిదేళ్ళు. పర్లేదా?"

"పర్లేదు. నీ పేరు చెప్పమ్మా."

"లీయాన్. పద్నాలుగేళ్ళుగా వృద్ధాశ్రమంలో చేస్తున్నా. ఎత్తేదీ తుడిచేదీ తినిపించేదీ మేము. నర్సులొచ్చి సంతకం పెట్టి పోతారు. ఆ సంతకమేదో నేనే పెడితే పోలా అనిపించింది." నవ్వింది. వెనకాల ఎవరో పిల్లలు టీవీ కోసం కొట్టుకుంటున్నారు. "ఉండండ్రా, మీ అమ్మ కాలేజీ పిల్లవుతోంది ఇక్కడ."

మార్కులు సరిపోయాయి. అనుభవం కావలసినదానికంటే ఎక్కువే ఉంది. గ్లెనిస్ పేరు ఎక్కించబోతుంటే లీయాన్ గొంతు తగ్గించి అడిగింది.

"ఒక్క మాట అమ్మా. మూడేళ్ళూ ఉంటుందిగా ఇది? మధ్యలో ఎత్తెయ్యరుగా? పేపర్లో ఏంటేంటో రాస్తున్నారు. లోను తీసుకుంటున్నా. పిల్లలతో ఒంటరిదాన్ని, రెండోసారి మొదలుపెట్టే ఓపిక నాకు లేదు."

ఈ ప్రశ్నకు జవాబు బల్లకు అంటించిన కాగితంలో ఉంది. 'హార్ల్‌బెక్ నూటపాతికేళ్ళుగా ఇక్కడే ఉంది' అని చదవాలి. అబద్ధం కాదు. అలాంటి వాక్యాలు రాయడంలో డెస్మండ్‌ది అందె వేసిన చెయ్యి. నర్సింగు విభాగాన్ని వచ్చే జూన్‌లో మూసెయ్యాలని రహస్యంగా ఇంకో కాగితం రాసిందీ అతనే. ఫీజులో ఆఖరి సగం మే నెలలో ప్రభుత్వం నుంచి అందుతుంది, అది అందాక పిల్లలకు చెప్పాలి, ముందు చెప్తే వెళ్ళిపోతారు, అని ఆ కాగితంలో మూడో పేరాలో ఉంది. గ్లెనిస్‌కు మూడో పేరా అని గుర్తుండటానికి కారణం, టైపు చేసింది ఆమే కావడం. టైపు చేసి, ఒక కామా సరిదిద్ది, సాయంత్రం దారిలో చేపలు కొనుక్కుని ఇంటికి వెళ్ళి వేయించింది కూడా. ఆ రోజు ఆమెకు ఏమీ అనిపించలేదు. అంకెల్లో మనుషులు కనిపించరు, అదే అంకెల్లో ఉన్న సుఖం. ఇప్పుడు ఆ అంకె ఒకటి ఫోన్లో ఊపిరి తీసుకుంటూ జవాబు కోసం ఆగి ఉంది.

"రావద్దు తల్లీ," అంది గ్లెనిస్.

"ఏంటమ్మా?"

"ఈ కోర్సు వచ్చే జూన్ దాటదు. మూసేస్తారు. ఇంకా ఎవరికీ చెప్పలేదు."

పక్క వరసలోంచి ఎవరో వెళ్ళి గంట కొట్టారు, అందరూ చప్పట్లు కొట్టారు.

"నిన్న మానేస్తున్నానని నోటీసు ఇచ్చేశానమ్మా ఆశ్రమంలో," అంది లీయాన్. "నా షిఫ్టులు వేరే పిల్లకి ఇచ్చేశారు."

"పక్క జిల్లా యూనివర్సిటీలో నర్సింగు ఉంది. వాళ్ళ నంబరిస్తాను."

"పోనూ రానూ బస్సులో నాలుగు గంటలు. వీళ్ళనెవరు చూస్తారు, మీరొచ్చి చూస్తారా?" గొంతులో కోపం లేదు, ఉంటే బావుండేది. "ఇవాళ నాలాగా ఇంకెంతమంది చేశారు? వాళ్ళకీ చెప్పారా మీరు?"

"లేదు."

"నాకే ఎందుకు చెప్పారు?"

"నువ్వు అడిగావు."

"ఓహో. అడగనివాళ్ళు చావాలన్నమాట." ఆపైన నిదానంగా, "మీ పేరేంటమ్మా?" అంది.

"గ్లెనిస్ వార్డల్."

"రాసుకున్నా," అని లీయాన్ పెట్టేసింది.

గ్లెనిస్‌కు సిగ్గేసింది. ముప్పై ఏళ్ళుగా తనకు జరిగినవన్నీ వరసగా లెక్కపెట్టుకుని ఉడుక్కుంటూ వచ్చింది. తన చేతుల మీదుగా ఏం జరుగుతోందో మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. పైవాళ్ళు చెప్పారు, నేను టైపు చేశాను. ఎంత చక్కటి నీడ అది, దానికింద ఎన్నాళ్ళయినా కూర్చోవచ్చు. అణిగి ఉన్నందుకు దొరికే జీతం అదే కాబోలు, ఏదీ నీ తప్పు కాకపోవడం. నలుగురిని చేర్చింది ఆమె. గంట కొట్టింది ఆమె. నవ్వుతూ కొట్టింది.

లాప్‌టాప్ తీసుకుని హాలు పక్కన బంతులు దాచే గదిలోకి వెళ్ళింది. పట్టిక తెరిచింది. రెండువేల వంద. ఇరవై ఆరు రోజులు. స్కాను చేసి ఉంచుకున్న వీసీ సంతకం పేజీ పైన పెట్టింది, మూడో పేరా ఉన్న కాగితం కింద జతచేసింది. నియంత్రణ ఆఫీసుకు పంపడానికి అరనిమిషం పట్టింది. పంపాక ఏడుపొస్తుందేమో అనుకుంది, రాలేదు. దాహం వేసింది. వెళ్ళి కుళాయి దగ్గర నీళ్ళు తాగి, మళ్ళీ తన బల్ల దగ్గర కూర్చుని, పొద్దున్న చేర్చిన నలుగురి నంబర్లూ ఒక కాగితం మీద రాసుకుంది.

మొదటి నంబరు నొక్కబోతుండగా డెస్మండ్ వచ్చాడు, నీలం చొక్కాలో, మంచి హుషారుగా. కేకు ముక్క చేతిలోకి తీసుకుని ఆమె బల్ల అంచున కూర్చున్నాడు.

"పంపావా?"

"పంపాను."

"ముప్పై నాలుగేగా?"

"ఇరవై ఆరు. నర్సింగు కాగితం కూడా పంపాను."

అతను కేకు నమలడం ఆపాడు. చుట్టూ చూసి, నవ్వు ముఖం మీద అలాగే ఉంచుకుని, పళ్ళ మధ్య నుంచి మాట్లాడాడు. "నీకు మతి పోయిందా? రేపు పొద్దునకల్లా వాళ్ళు ఇక్కడుంటారు. నా ఉద్యోగం పోతుంది. నీది పోతుంది. ఈ హాల్లో సగం మంది రోడ్డున పడతారు, తెలుసా నీకు?"

"తెలుసు. ఎంతమందో కూడా తెలుసు. ఆ లెక్కా నేనే వేశాను."

"అసలు నీకెవరిచ్చారు హక్కు? నువ్వెవరు గ్లెన్? ఆ ఆఫీసుకి ఏం చెప్పాలో, చెప్పాలో వద్దో చూసుకోవడం నా పని."

ఆమె ఫోన్ చెవికి తగిలించుకుంది. అవతల మోగుతోంది.

"అవును, నీ పనే డెస్," అంది. "నీ పని ఎప్పుడూ నేనే కదా చేసేది."