బోసి వరుస

"ఆదివారం ఎవరూ గడప దాటొద్దు. వీధులు బోసిపోవాలి."

కొత్త రాజ్యాంగం రాసే సభ ఎన్నికను బహిష్కరించడానికి వెనిజులా ప్రతిపక్షం వేసిన ఎత్తు ఇదే. మరకైబోలోని తన పేటంతా తిరిగి ఆ మాట నూరిపోసింది ఒదాలిస్.

ఆదివారం తెల్లవారుజామున ఓటర్లను లేపే బూర మోగగానే, అలవాటుకొద్దీ ఫ్లాస్కు నిండా కాఫీ పోసింది. ఎదురింటి అక్క నెరైదాది పాలకపక్షం. ప్రతి ఎన్నికకూ ఇద్దరూ ఒకే వరుసలో నిలబడి, ఆ కాఫీ తాగుతూ తిట్టుకునేవారు.

నెరైదా కిటికీ దగ్గర ఆగింది. "రావుటే?"

"రాను. పార్టీ మాట."

"నీ పార్టీ మండ! వరుసలో నేనెవర్ని తిట్టను?"

ఒదాలిస్ ఫ్లాస్కు అందించింది. అక్క మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉంది.

మధ్యాహ్నం నెరైదా ఫ్లాస్కు తిరిగి తెచ్చింది. ఇచ్చినంత బరువుగానే ఉంది.

"మీ ఎత్తు పారిందిలేవే," అంది అక్క. "నా పక్కన బోసిపోయింది."