ఎక్స్‌రే గదిలో లండన్ చదువు

గురజాల దగ్గర ఒక చిన్న క్రైస్తవ మిషను ఆసుపత్రి. అందులో పదకొండేళ్లుగా ఎక్స్‌రే తీసేది హన్నమ్మే. ఐదో తరగతి వరకు చదువుకుంది. మొదట గది ఊడవటానికి వచ్చి, పాత కాంపౌండరు పక్కన నిలబడి చూసి పని నేర్చుకుంది. ఆయన పోయాక యంత్రం ఆమె చేతికొచ్చింది.

అరవై ఒకటి ఎండాకాలంలో లండన్ నుంచి హెలెన్ అనే ఇరవయ్యేళ్ల పిల్ల వచ్చింది. ఎక్స్‌రే చదువు చదువుతోంది. మూడు నెలలు పరదేశపు ఆసుపత్రిలో పనిచేయాలట. "మనవాళ్లకి పని నేర్పడానికి వస్తోంది" అని డాక్టరు దేవదాసు గారు అందరికీ చెప్పారు. పూలదండ కూడా వేయించారు.

మొదటి రోజే నాలుగు ఫిల్ములు పాడయ్యాయి. పుస్తకంలో ఉన్న కొలతలే పెట్టింది పాపం. ఎక్కుతూ దిగుతూ ఉండే ఇక్కడి కరెంటు ఆ పుస్తకం చదవలేదు కదా! ఫిల్ము కడిగే మందునీళ్లు కూడా ఎండకి కాగిపోయాయి. హెలెన్ మూల కూర్చుని ఏడ్చింది.

"ఏడిస్తే బొమ్మ పడదు తల్లీ, లే" అని హన్నమ్మ ఆమె చెయ్యి పట్టుకుని లేపింది. మందునీళ్ల తొట్టికి తడి గోతాలు చుట్టించింది. తలమీది బల్బు చూపించి, "అది ఎర్రబడిందా, కరెంటు తగ్గినట్టు. ఇంకొంచెం సేపు మీట నొక్కి పట్టు" అంది.

మూడు నెలల్లో హెలెన్ చానా నేర్చింది. దాచేపల్లి రాతి క్వారీలో చెయ్యి విరిగినవాళ్లను నొప్పి తెలియకుండా పడుకోబెట్టడం కూడా. వెళ్లేముందు దేవదాసు గారికి ఒక ఫారం ఇచ్చింది. నేర్పినవారి పేరు, అర్హత రాయాలి.

"హన్నమ్మ పేరు రాయండి" అంది హెలెన్.

"ఐదో తరగతి అని రాస్తే నువ్వు ఫెయిలవుతావమ్మా" అని దేవదాసు గారు తన పేరే రాసుకున్నారు. హెలెన్ మొహం కందిపోయింది. అయినా కాగితం మడిచి పెట్టెలో పెట్టుకుంది. లండన్‌లో మొదటి శ్రేణిలో పాసయింది.

రెండేళ్లకు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. యంత్రం ముట్టుకునే వాళ్లు, అర్హత ఉన్నవాళ్ల దగ్గర ఆర్నెల్లు శిక్షణ పొందాలి. లేకపోతే మాన్పించాలి. డాక్టరు చదువు దానికి చాలదట. చుట్టుపక్కల ఎక్స్‌రే చదువు చదివినవాళ్లు ఎవరూ లేరు. దేవదాసు గారు ఉత్తరం రాస్తే హెలెన్ వచ్చింది. రిజిస్టరులో ఆమె గురువు, హన్నమ్మ శిష్యురాలు.

రోజూ హన్నమ్మ ఫిల్ములు తీసేది. హెలెన్ రిజిస్టరులో సంతకం పెట్టేది.

"నాకు సిగ్గుగా ఉంది" అంది హెలెన్, వచ్చీరాని తెలుగులో.

"నీకేంది సిగ్గు? రూలు రాసినోళ్లకి ఉండాలి గానీ" అంది హన్నమ్మ. పైకి నవ్వింది కానీ ఆ పూట అన్నం సహించలేదు. పదమూడేళ్ల పని పనికిరానిదయిందే అని బాధపడింది.

చివర్లో పరీక్ష పెట్టాలి. హెలెన్ గంభీరంగా కాగితం చూసి, "బల్బు ఎర్రబడితే ఏం చేయాలి?" అని అడిగింది. హన్నమ్మ ఒక్క క్షణం చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పకపకా నవ్వింది. హెలెన్ కూడా నవ్వాపుకోలేకపోయింది. నూటికి తొంభై వేసింది. నూరు వేస్తే పైవాళ్లు నమ్మరని.

ఆ ఏడు తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు హన్నమ్మ తీసిన ఫిల్ముని వెలుగుకి పెట్టి చూశాడు. "భలే తీశావే! ఎవరి దగ్గర నేర్చావు?"

"లండన్ దొరసాని దగ్గరండీ."

"అదీ సంగతి. ఎంతైనా పరదేశపు చదువు పరదేశపు చదువే!"

హన్నమ్మ ఊ కొట్టింది. బయట క్వారీ కూలీ యల్లమంద విరిగిన మణికట్టు పట్టుకుని చానాసేపటి నుంచి కూర్చున్నాడు.

"రా అబ్బాయా, లోపలికి రా" అని పిలిచింది.