ఫ్యాన్ ఆపిన సాయంత్రం

మా ఆయన సంగయ్య ఇంటి పక్క రేకుల షెడ్డులో విమానం కడుతున్నాడని తెలిసి బీరంగూడలో నవ్వనివాళ్లు లేరు. నేనూ నవ్వాను. ఫ్యాక్టరీలో ఫిట్టరుగా రిటైరయ్యాక ఇంట్లో కూర్చుని నా ప్రాణం తోడేస్తాడనుకుంటే, పోయి షెడ్డులో దూరాడు. ఒక్క మనిషి పట్టే చిన్న విమానం.

"గదెక్కి యాడికి పోతవ్?" అని అడిగాను.

"సంగారెడ్డి దాక పోయొస్త."

"బస్సుల్లేవా?"

"బస్సు నేను చేసింది కాదు గదా."

నవ్వితే నవ్వాను గానీ ఆయన జాగ్రత్తకు వంక పెట్టలేను. చెక్క రుద్దే ముందు నేల మీద నీళ్లు చల్లేవాడు. పొడి నా వంటింట్లోకి రాకుండా తలుపుకు తడి గోనెపట్టా కట్టేవాడు. రెక్క మీద గాజుబట్ట పరిచి, అది గట్టిపడేందుకు రెజిన్ జిగురు పూసే రోజు భయం వేరే. మూతికి కట్టుకునే గుడ్డ దుమ్మును ఆపుతుంది గానీ ఆ ఘాటును ఆపదు. అందుకే మూతపడిన కోళ్లఫారం నుంచి పెద్ద ఫ్యాన్ తెచ్చి గోడకు బిగించాడు. అది లోపలి గాలినంతా బయటికి తోసేది.

మా గల్లీకి ఒక అలవాటుంది. సాయంత్రం గాలి తిరిగితే రసాయనాల కంపెనీల గ్యాస్ మా మీదికి వస్తుంది. ముందు ఎవరి ముక్కుకు తగిలితే వాళ్లు కేకేయాలి. కేక వినగానే తలుపులు, కిటికీలు, ఫ్యాన్లు అన్నీ బంద్. ఎందుకని ఎవరూ అడగరు. ఆ కేక ఎక్కువగా పక్కింటి అక్తరీ బేగందే.

ఆ ఎండాకాలం సాయంత్రం మా ఆయన కుడి రెక్కకు రెజిన్ పూస్తున్నాడు. "గ్యాస్ వచ్చింది! దర్వాజలు బంద్ చేసుకోండ్రి!" అని అక్తరీ బేగం అరిచింది. నేను వంటింటి కిటికీ మూశాను. షెడ్డులో ఫ్యాన్ ఆగడం వినిపించింది, తలుపు పడడం కూడా.

అన్నానికి పిలిస్తే పలకలేదు. తలుపు తోస్తే రెక్క పక్కన పడి ఉన్నాడు. లోపలి ఘాటుకు నా కళ్లు మండాయి. భుజాలు పట్టి బయటికి లాగాను. బయట గాలి మామూలుగా ఉంది, ఏ వాసనా లేదు. అక్తరీ బేగం ముక్కుకు తగిలింది మా ఫ్యాన్ తోసిన రెజిన్ వాసనేనని అప్పుడు తెలిసింది. కేక విని అలవాటు కొద్దీ ఫ్యాన్ ఆపి, తన ఘాటులో తానే తలుపేసుకున్నాడు. అంత తెలిసినా నాకు ఏడుపు రాలేదు.

ఆసుపత్రికి చేరిస్తే బతికాడు. ఆ రెజిన్ వాసన మళ్లీ తగిలితే మాత్రం ఊపిరి ఆడదని డాక్టర్ చెప్పాడు. ఇంటికొచ్చాక నాకు సంతోషమూ లేదు, బాధా లేదు. వండుతున్నాను, పెడుతున్నాను, అంతే. కుడి రెక్క సగంలోనే ఉంది. ఆయన షెడ్డు వైపు చూడడు.

ఒకరోజు అక్తరీ బేగం తాగడానికి వేడిగా మటన్ శోర్వా తెచ్చింది. మంచం పక్కన కూర్చుని కళ్లు తుడుచుకుంది.

"ఆ దినం నేను అరవకపోతే ఏమైతుండెనో భయ్యా! ఆ గ్యాస్ మిమ్మల్ని పూరా తీసుకపోతుండె."

నేను నోరు తెరిచాను. మా ఆయన నా వైపు చూసి వద్దన్నట్టు తల ఊపాడు.

"అవ్ ఆపా. నీ కేకనే నన్ను బతికిచ్చింది," అన్నాడు. మళ్లీ తనే, "మీ వంటింట్ల పొగ పోతలేదంటివి గదా. షెడ్డుల ఫ్యాన్ ఉంది. రేపు ఇప్పిస్త, పెట్టుకో."

"మరి నీకు?" అన్నాను.

"నాకెందుకింక?"

అప్పుడొచ్చింది ఏడుపు. శోర్వా గిన్నె ఖాళీ చేసి ఇస్తానని వంటింట్లోకి వెళ్లాను.