నైరుతి తలుపు

ఎంగిలి గిన్నెల తట్ట నడుముకు ఆనించుకుని జములమ్మ రోజుకెన్నిసార్లు ముందుగది దాటుతుందో ఆ ఇంట్లో ఎవరికీ పట్టలేదు. వంటింటికి వెనక తలుపు ఉంది. అది తీస్తే రెండడుగుల్లో నల్లా. కానీ ఆ తలుపు నైరుతిలో ఉందని, తెరిస్తే ఇంటి ఆడది ఇంట్లో నిలవదని వాస్తు సిద్ధాంతి చెప్పాడట. ఆమె కాపురానికి రాకముందే మామ దానికి అడ్డంగా చెక్క వేయించి మేకులు కొట్టించాడు. మామ పోయాడు, మేకులు మిగిలాయి. చేపల పులుసు గిన్నెలైనా, మాడిన అన్నం గిన్నైనా, టీవీ ముందు కూర్చున్న మగవాళ్ల మోకాళ్ల మధ్యనుంచి వీధివాకిట్లోకి మోసుకుపోవాల్సిందే. మొగుడు కురుమూర్తి కాళ్లు ముడుచుకోడు, టీవీకి అడ్డం రావద్దంటాడు. అత్త భీమమ్మ బండల మీద పడిన నీటిచుక్కలు చూపించి, మీ గద్వాల దిక్కు గిట్లనే నడుస్తరా అని అడుగుతుంది. కొత్తలో సిగ్గేసేది. తర్వాత కోపం వచ్చేది. ఇప్పుడు ఉత్త రోత.

నౌకరి దొరికినప్పుడు ఆమె చేసిన మొదటి ఆలోచన, పగలంతా ఈ తట్ట మోయక్కర్లేదు కదా అని. వనపర్తి బస్టాండు వెనక కొత్తగా లేచిన బిల్డింగులో మూడో అంతస్తున చిట్టీల ఆఫీసు. లిఫ్టు ఉన్న ఆఫీసని కురుమూర్తి కూడా నలుగురిలో గొప్పగా చెప్పుకున్నాడు. ఆఫీసులో చేరిన రోజే మేనేజరు జంగయ్య ఆమె పేరు విని నవ్వి, జములమ్మేంది, గద్వాల అమ్మోరి జాతర లెక్క, జమున అని రాసుకుందాం అన్నాడు. పేరు పోతే పోయింది, పని మాత్రం వెంటే వచ్చింది. సాయంత్రం టీ గ్లాసులు కడిగేది ఆమె, పక్క సీటు ఫర్హీన్. అటెండరు లింగయ్య కడగకూడదా అంటే, ఆడోళ్ల చెయ్యి పడితేనే శుభ్రం అన్నాడు జంగయ్య. గ్లాసులు తగ్గినప్పుడల్లా మాట పడేదీ వాళ్లే. ఇంట్ల గూడ గిట్లనే పోగొడతవా జమునా, అని అందరి ముందూ అడిగేవాడు.

ఆ ఆఫీసులోంచి బయటికి వస్తే లిఫ్టు ముందు చిన్న జాగా. మూడు పక్కలా పాలరాతి గోడ, కిటికీ లేదు. ఒక పక్క ఆఫీసు టేకు తలుపు, లాగితే దానంతటదే తాళం పడుతుంది, తాళంచెవి జంగయ్య జేబులో ఉంటుంది. ఇంకో పక్క మెట్లకు పోయే తలుపు. దాని గొళ్లానికి పెద్ద తాళం, తాళానికి పసుపు కుంకుమ, పైన నిమ్మకాయలు, మిరపకాయలు. ఇదీ నైరుతే. మొదటిరోజు దాన్ని చూడగానే తన వంటింటి తలుపు తనకంటే ముందే లిఫ్టెక్కి వచ్చి కూర్చుందనిపించింది.

ఆ ఎండాకాలం కరెంటుకు తలా తోకా లేదు. ఒక సాయంత్రం మగవాళ్లంతా వెళ్లిపోయాక, గ్లాసులు బోర్లించి, జంగయ్య బల్ల తుడిచి, ఇద్దరూ బయటికి వచ్చి తలుపు లాగారు. లిఫ్టు బటన్ నొక్కేలోపే కరెంటు పోయింది. చీకట్లో కాసేపు నవ్వుకున్నారు. తర్వాత కింద ఏదో ఫట్‌మని పేలింది. లిఫ్టు సందుల్లోంచి కాలిన వైరు వాసన, దాని వెనకే పొగ. మీటర్ల బోర్డు అంటుకుందని అర్థమైంది. కింది రెండంతస్తులూ ఇంకా కిరాయికి పోలేదు, ఎంత అరిచినా పలికే మనిషి లేడు. ఫర్హీన్‌కు దమ్ము జబ్బు ఉంది. చలికాలం మంచుకే పిల్లికూతలు పట్టే మనిషి. ఆమె నేల మీద కూలబడి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

జములమ్మ దగ్గర సెల్లు ఉంది. ఎక్కడున్నవని అడగడానికి మొగుడు కొనిచ్చినది. మొదట జంగయ్యకు చేసి మెట్ల తలుపు తాళంచెవి అడిగింది.

"గా తలుపు జోలికి మాత్రం పోకమ్మా," అన్నాడతను. "దాని తాళంచెవి ఓపెనింగ్ నాడే బీచుపల్లి కాడ కృష్ణానదిల ఏసినం. అది తెరిస్తే ఆఫీసుల లక్ష్మి నిలవదు. కరెంటొస్తది, జర ఓపిక పట్టుండ్రి."

పొగ వస్తోందని, ఫర్హీన్‌కు ఊపిరాడటం లేదని చెప్పింది.

"పొయ్యికాడ కూసునేటోళ్లకు పొగ కొత్తనా?" అని నవ్వి పెట్టేశాడు.

తర్వాత కురుమూర్తికి చేసింది. అతను నిదానంగా అంతా విన్నాడు. లిఫ్టు నడవనప్పుడు తానొచ్చి చేసేదేముంది అన్నాడు. సర్ చెప్పినట్టు వినమన్నాడు, తలుపులు పగలగొడితే నౌకరి పోతుందన్నాడు. చివర్లో, పొద్దటి కూర ఉన్నదా, అమ్మ అడుగుతున్నది అన్నాడు. ఉంది అని చెప్పింది. చెప్పినందుకు తన నోటి మీద తనకే అసహ్యమేసింది. పక్కన మనిషి ఊపిరి పోతుంటే కూర సంగతి అడిగేవాడొకడు, అడిగితే జవాబు చెప్పే తానొకతె.

"అక్కా," అంది ఫర్హీన్. ఆ తర్వాత మాట రాలేదు, ఈల లాంటి శబ్దమే వచ్చింది.

గోడకు మంటలార్పే ఎర్ర సిలిండరు వేలాడుతోంది. ఓపెనింగ్ నాడు బొట్టు పెట్టించుకోవడం తప్ప అది చేసిన పనేమీ లేదు. జములమ్మ దాన్ని ఊడబెరికింది. బరువుగానే ఉంది గానీ తట్టలు మోసిన నడుముకు అదొక లెక్కా. తడుముకుంటూ పోయి తాళం మీద వేసింది. నిమ్మకాయలు కాళ్ల మీద రాలాయి. మళ్లీ వేసింది. లక్ష్మి మీద, నైరుతి మీద, పొద్దటి కూర మీద వేసింది. తాళం ఊడలేదు, గొళ్లెమే మరలతో సహా చెక్కలోంచి ఊడి వచ్చింది.

తలుపవతల గాలి, వెలుతురు. కింద వెనక సందు దాకా అడ్డం లేకుండా దిగే మెట్లు. ఫర్హీన్‌ను రెక్క పట్టి లేపి రెండు మెట్లు దించాక జములమ్మ వెనక్కి తిరిగి చూసింది. అదే గోడకు, అదే దిక్కుకు, ఇంకో తలుపు. జంగయ్య గది వెనక తలుపు అది, లోపలినుంచి చూసి బాత్రూం తలుపనుకునేవాళ్లు. పసుపు లేదు, కుంకుమ లేదు, రోజూ తీసి వేసి పిడి నున్నగా అరిగింది. దాని ముందు రెండు కుర్చీలు. గోడ మీద గుట్కా ఉమ్ములు. కుర్చీల కింద వరసగా టీ గ్లాసులు, పోయినవని తాము రోజూ మాట పడ్డ గ్లాసులు, సిగరెట్ పీకలతో, బూడిదతో, ఎండిన ఉమ్ముతో నిండి ఉన్నాయి. మెట్లు మూసింది ఎవరికో ఆమెకు అప్పుడు తెలిసింది. లక్ష్మి మగవాళ్ల కాళ్ల కింద నుంచి పోదు కాబోలు. ఆడవాళ్లు దిగితేనే దిగిపోతుంది.

దవాఖానలో ఫర్హీన్‌కు ఆక్సిజన్ పెట్టారు. కాసేపటికి ఆమె కళ్లు తెరిచి జములమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. వాళ్ల తమ్ముడు ఉవైస్ వచ్చేదాకా ఉండి, జములమ్మ ఇల్లు చేరింది.

ఇంట్లో కరెంటు వచ్చింది, టీవీ నడుస్తోంది. ఫర్హీన్ ఎట్లుందని అడిగినవాళ్లు లేరు.

"సర్ ఫోన్ చేసిండు," అన్నాడు కురుమూర్తి టీవీ వైపు చూస్తూనే. "పొద్దుగాల పోయి కాళ్లు మొక్కు. గట్లనే ఎంగిలి బోల్లు పగటాలనుంచి పడున్నయ్."

తట్టలో గిన్నెలకు ఈగలు ముసిరి ఉన్నాయి. జములమ్మ వాటిని ముట్టలేదు. మూలనున్న గడ్డపార తీసి వెనక తలుపు చెక్క కింద దూర్చి ఎత్తింది. తుప్పుపట్టిన మేకులు కీచుమంటూ ఒక్కొక్కటే లేచాయి. ముందుగదిలో టీవీ ఆగింది. తలుపు తెరుచుకుంది. రెండడుగుల అవతల నల్లా, దాని వెనక సందు, సందు చివర బజారు.

ఆమె వీధివాకిటికి పోయి చెప్పులు చేత పట్టుకుంది. రోజూ తట్ట మోసిన దారినే, ఆ మోకాళ్ల మధ్యనుంచే తెచ్చి, వెనక గుమ్మం అవతల పెట్టింది.

"నైరుతే అది," భీమమ్మ లేచి వచ్చింది. "తెరిస్తే ఇంటి ఆడది నిలవదని సిద్ధాంతి చెప్పలేదా?"

"చెప్పింది నిజమే అత్తమ్మా," అంది జములమ్మ చెప్పులు తొడుక్కుంటూ. "గా సంగతి తెల్సే మీరు మేకులు కొట్టిచ్చిన్రు."