ఫ్లోరా ప్రథమ ఫలం

కోత పండుగ నాడు దేవుడికి ప్రథమ ఫలమంటూ వన్ టౌన్‌లోని ఆ చర్చికి వచ్చే పంటంతా రైతు బజారులో పండినదే. గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్ళు కట్టిన నాటుకోడి... ఎవరో పండించినవాటిని చర్చివాళ్ళు ఆటోలో తెచ్చి, పాస్టరు అయ్యగారి చేత ప్రార్థన చేయించి, వేలం పాడుకుంటారు. ఇందులో ఎవరికీ అభ్యంతరం లేదు. దేవుడు కూడా ఇన్నాళ్ళూ ఏమీ అనలేదు.

అన్నది ఫ్లోరా. స్త్రీల సమాజం మీటింగులో ఫెబా లేచి, "ఈసారి నావి రెండు పెద్ద గుమ్మడికాయలు" అని ప్రకటించగానే, "ఏ పొలంలోవి వదినా?" అని అడిగింది.

ఫెబా ఊరుకునే మనిషి కాదు. "పోనీ నువ్వు పండించి తే, సూద్దాం."

"తెస్తాను" అంది ఫ్లోరా. గదినిండా ఆడవాళ్ళు విన్నారు. అంటే ఊరంతా విన్నట్టే.

ఇంటికొచ్చాక గానీ ఆమెకు తట్టలేదు, పండించడానికి చారెడు నేల లేదని. వాళ్ళ సందులో ఆటో దూరితే మనిషి గోడకి అతుక్కోవాలి. పెరడు పేరుకే, అంతా బండపరుపు. ఎండ చుట్టపుచూపుగా వచ్చి, కూర్చోకుండానే వెళ్ళిపోతుంది. కుండీలో కరివేపాకు మూడుసార్లు చచ్చింది. బోటనీలో బీయస్సీ చేసిన మనిషికి ఇది చెప్పుకునే విషయం కాదు.

అయితే ఆ బోటనీయే ఆదుకుంది. ఎండ అక్కర్లేనిది, పత్రహరితం లేనిది, సొంతంగా వండుకోకుండా తిండి ఉన్నచోట మకాం వేసేది ఒకటుంది. శిలీంధ్రం. పుట్టగొడుగులు పెంచితే సరి!

విత్తనం పొట్లం కొనడం తేలికే. గడ్డి కోసం భర్త రత్నరాజుని సబ్బవరం తరిమింది. స్టీల్ ప్లాంటులో నైట్ షిఫ్ట్ చేసి వచ్చిన మనిషి, బండి వెనక వరిగడ్డి మోపు కట్టుకుని సందులోకి వచ్చేసరికి, అరుగు మీంచి ఎవరో అడగనే అడిగారు. "ఏటి బావా, గేదిని ఎక్కడ కడతావు?"

క్రిస్మస్ బిర్యానీ గిన్నెలో గడ్డి ఉడికింది. తడి ఆరాక రెండు పాలిథిన్ సంచుల్లో పొరలు పొరలుగా గడ్డీ, విత్తనమూ కూరి, సామాన్ల గదిలో దూలానికి ఒకటి పైకీ ఒకటి కిందికీ వేలాడదీసి, దుప్పటి కప్పింది.

"దుప్పటెందుకే? సలేత్తందా దానికి?" అంది అత్తగారు ఆరోగ్యమ్మ.

"చీకటి కావాలత్తయ్యా. గొడుగులా పైకి కనబడేది దాని పండు మాత్రమే. అసలు ఒళ్ళంతా సన్నటి దారాలే. గడ్డిలో దూరి అల్లుకుంటాయి."

"మరి నోరు?"

"లేదు. తిండి మీదే పడుకుని, రసాలు వదిలి, అక్కడే కరిగించి పీల్చుకుంటుంది."

"మంచం దిగకుండా తినడమా? అయితే మా రత్నరాజే."

"దాని చుట్టమే బ్రెడ్డు పిండి పులియబెట్టే ఈస్టు. తన ఒంటి మీదే ఓ మొగ్గ వేస్తుంది. మొగ్గ పెరిగి, విడిపోయి, వేరు కాపురం పెడుతుంది."

"మా పెద్దోడు" అని ఆరోగ్యమ్మ నిట్టూర్చింది.

పండుగ దగ్గరపడుతోంది. గడ్డి పసుపు పోయి సంచి దూదిదిండులా తెల్లబడింది గానీ, గొడుగు జాడ లేదు. ఫ్లోరా రోజూ దుప్పటి ఎత్తి చూసి, ప్రార్థన చేసి, మళ్ళీ కప్పేది. కాలేజీ పుస్తకంలో 'అనుకూల పరిస్థితులలో ఫలనాంగములు ఏర్పడును' అని ఉండేది. ఆ పరిస్థితులేమిటో పుస్తకం చెప్పలేదు. పరీక్షలో ఎవరూ అడగలేదు కూడా.

పండుగ వారంలో సోమవారం, ఫ్లోరా జాకెట్టు ముక్క కోసం ద్వారకా నగర్ వెళ్ళింది. తిరిగొచ్చేసరికి కింది సంచి లేదు.

"బూజట్టీసిందమ్మా!" అంది ఆరోగ్యమ్మ, పెద్ద గండం గట్టెక్కించినట్టు. "పచ్చడి జాడీలోకి పాకితే ఏటి గతి? కత్తితో నాలుగు పోట్లు పొడిచి సూసినాను, లోపలా బూజే. పెరట్లో పారీసి నీళ్ళు కొట్టినాను. రెండోది అందలేదు."

"అది బూజు కాదత్తయ్యా" అని మాత్రం అంది ఫ్లోరా. తరవాత మూడు పూటలు ఏమీ అనలేదు. అత్తాకోడళ్ళ మధ్య అనకపోవడం చాలా పెద్ద మాట. ఆరోగ్యమ్మకి అన్నం సయించలేదు. రోజూ బట్టలు ఉతికే నెపంతో పెరట్లోకి పోయి, ఆ సంచి మీద చెంబుడు నీళ్ళు పోసి, "నీ వల్లే కదే నాకీ మాట" అని తిట్టి వచ్చేది.

మిగిలిన సంచిదీ అదే మొండితనం. శుక్రవారానికి ఫ్లోరా ఆశ వదిలేసి, రత్నరాజుని రైతు బజారుకి పంపింది. గుమ్మడికాయ వచ్చింది. ఫెబా ఆదివారం ఎలా నవ్వుతుందో ఆ కాయని చూస్తేనే తెలుస్తోంది.

శనివారం పొద్దున్నే పెరట్లోంచి కేక. "ఫ్లోరా! బేగి రా! దానికి చెవులొచ్చీసినాయి!"

నిజమే. కత్తిపోటు పడ్డ ప్రతిచోటా గుత్తులు గుత్తులుగా, ముత్యపుచిప్పల్లా తెల్లటి పుట్టగొడుగులు. ఫ్లోరా బండ మీద కూలబడి, నవ్వడం మొదలుపెట్టి, ఆపలేకపోయింది. చీకట్లో, వెచ్చగా, కడుపునిండా తింటున్న ప్రాణికి పిల్లల ధ్యాస ఎందుకుంటుంది? మెడబట్టి బయటికి గెంటితే, కాస్త చలీ గాలీ వెలుగూ తగిలితే, అప్పుడు గుర్తొస్తుంది వంశం. పుస్తకం చెప్పని అనుకూల పరిస్థితి ఎదురుగా తడి చీరతో నిలబడి ఉంది.

"కుక్కగొడుగులేమోనే!"

"విత్తనం కొని వేసిందాన్ని నేనే కదత్తయ్యా. భేషైనవి."

సాయంత్రం కోసి, వెదురుబుట్టలో పరిచి, పిల్లికి అందకుండా కొక్కేనికి తగిలించింది. కింద కుర్చీ మీద రత్నరాజు నల్లకోటు ఇస్త్రీతో సిద్ధంగా ఉంది. అదెవరూ పట్టించుకోలేదు.

ఆదివారం చర్చి మెట్ల దగ్గర ముందు బుట్టని కాదు, కోటుని చూసింది ఫెబా. "వందనాలు వదినా. అన్నయ్య భుజాలేటి, అంత చుండ్రు?"

ఫ్లోరా వేలితో రాసి చూసింది. పిండికంటే మెత్తటి పొడి. "చుండ్రు కాదు, విత్తనాలు. గొడుగు కింద రేకుల్లోంచి రాత్రంతా రాలాయి. ఒక్కొక్క గొడుగుకి కోట్లలో ఉంటాయి."

"నన్ను నడిచే పొలం సేసీసిందమ్మా" అన్నాడు రత్నరాజు, దులుపుకోవాలో వద్దో తేలక.

అప్పుడు ఫెబా బుట్టలోకి తొంగిచూసింది. వెనక మిగతా ఆడవాళ్ళూ చేరారు. "నిజం సెప్పు ఫ్లోరా. నువ్వే పండించినావా?"

చర్చి గుమ్మంలో అబద్ధం ఆడటం కష్టం. నిజం మరీ కష్టం. ఫ్లోరా "విత్తనం నాది. పండించింది మా అత్తయ్య" అంది.

ఆరోగ్యమ్మ కోడలి వంక చూసింది. కోడలు పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంటోంది. ముసలావిడ కొంగు సవరించుకుంది.

"ఎలాగ పండించినావు పిన్నీ?"

"ఏటుందమ్మా? కత్తితో పొడవాల. పెరట్లో పారీయాల. నీళ్ళు కొట్టాల." కాస్త ఆలోచించి, "రోజూ తిట్టాల" అంది.

ఆడవాళ్ళు శ్రద్ధగా తలలూపారు. వేలంలో బుట్టని పట్టుబట్టి పాడుకున్నది ఫెబాయే. ఎలా వండాలో అడగడానికి ఇంటిదాకా వచ్చింది కూడా.

ఆమె వెళ్ళాక ఆరోగ్యమ్మ సామాన్ల గదిలోకి నడిచి, దూలానికి వేలాడుతున్న దుప్పటి కేసి తలెత్తి చూసింది.

"పిల్లా, కత్తి ఇలా తే. దీన్ని కూడా పారీసీమంటావా?"