మిరప కళ్లం మీద ఉపన్యాసం

ఈ గొంతు ఇంకెన్నాళ్లు పలుకుతుంది, మైకు గుయ్యిమంది, దగ్గు వచ్చింది, కళ్లం నిండా ఎర్రగా ఆరబోసిన కాయలు, అంచున పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూలి ఆడవాళ్లు, పక్కన టీకాలు వేసే ఆదాం స్పిరిటు దీపం వెలిగించుకుని కూచున్నాడు, అతనికేం, సూది గుచ్చితే అయిపోయె, తల్లుల చేత చెయ్యి చాపించడం మాత్రం రిటైరైన తెలుగు మాస్టారు శేషాచలం పని, పక్క ఊళ్లో మశూచికి ఇద్దరు పిల్లలు పోయారు, ఇక్కడ ఒక్కరూ కదలరు, అమ్మవారికి కోపం వస్తుందట.

ముందు లెక్కల ఉపన్యాసం ఇచ్చాడు, వందకి ఇంతమంది అని, ఆవలించారు, తర్వాత భయపెట్టేది, కళ్లు పోతాయర్రా అని, పిల్లల్ని కొంగు చాటుకి లాక్కున్నారు, ఇక మిగిలింది ఏడిపించేది, తన పేరంతా దానిమీదే, చీరాల నుంచి బదిలీ మీద వచ్చిన కొత్తలో, యాభై రెండు ఎన్నికలప్పుడు, ఈ కళ్లం మీదే మాట్లాడితే జనం కళ్లు తుడుచుకున్నారు, మాస్టారూ రాళ్లని కూడా ఏడిపిస్తారండీ మీరు అన్నారు పార్టీ పెద్దలు, ఆ సాయంత్రం తన కళ్లే మండుతుంటే చన్నీళ్లతో కడుక్కుంటూ తెలుసుకున్నాడు, అది తన మాట మహిమ కాదు, మిరప ఘాటు, ఎవరితోనూ అనలేదు, పైగా ఆనాటి నుంచీ భూదానమన్నా పొదుపు పత్రాలన్నా, సభ కళ్లం దగ్గరే పెట్టించండి, గాలి జనం మీదికి ఉండేట్టు చూడండి, అని అడిగి మరీ పెట్టించుకున్నాడు, సిగ్గులేని బతుకు.

ఇప్పుడూ తల్లీ అని గొంతు వణికించాడు, గాలి వీచింది, అందరి కళ్లూ తడిశాయి, హమ్మయ్య అనుకునేలోగా కూలీల ముఠా పెద్ద గురవమ్మ చంటిదాన్ని భుజానేసుకుని లేచింది, అయ్యోరూ, ఈ నీళ్లు మాకు రోజూ కారేయేలే, అది సరేగానీ, మీ మనవరాలికి ఏయించారా టీకా, ఆ పిల్ల చెయ్యి ఒక్కసారి చూపించండి, మేమూ చాపుతాం అంది.

ఇంట్లో ఒప్పుకోలేదమ్మా అని నాలుక చివరిదాకా వచ్చింది, భార్య కనకలక్ష్మి చాదస్తమని ఊరంతా చెప్పుకున్నదేగా, కానీ కిందటి నెల ఆదాం గుమ్మంలో నిలబడి మాస్టారూ అని పిలిచినప్పుడు కనకలక్ష్మి పిల్లని ఎత్తుకుని బయటికి రానే వచ్చింది, తల్లి లేని పిల్ల, సూది వికటించి ఏమన్నా అయితే మనకింకెవరున్నారే అన్నాడు తను, నెమ్మదిగా, మైకు లేకుండా, ఆమె పిల్లతో లోపలికి వెళ్లిపోయింది, ఆదాం పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు, ఇప్పుడు ఇటు చూడటం లేదు, దీపం వత్తి సరిచేసుకుంటున్నాడు, చూడకుండా ఉండటం అతని మర్యాద.

ఎంత అలసిపోయాడో ఇప్పుడు తెలుస్తోంది, మైకు పక్కకి నెట్టేశాడు, వేయించలేదమ్మా, భయమేసింది, మా ఆవిడకి కాదు, నాకే, రేపు పొద్దున్నే పిల్లని తెస్తాను, మీ అందరి ముందే వేయిస్తాను, అన్నాడు, ఆ మాట ఎంతమందికి వినబడిందో తెలీదు, గురవమ్మ మాత్రం తలూపి కూచుంది, గాలి ఎటు వీస్తోందో అతను చూసుకోలేదు, ఇన్నేళ్లలో, ఇన్ని వేదికల మీద ఇంత అరిచి, తను నిజంగా ఒప్పించింది ఒక్క మనిషినే, కనకలక్ష్మిని, అదీ చెయ్యకూడని పనికి.